ముడికి ముందు మాట

"కట్టవే! ఐదు రోజులుగా పిల్ల జ్వరంతో మూలుగుతోంది. మందు మానెయ్యమన్నానా? దాంతోపాటే ఇదీ," అంటూ అక్క మంత్రించిన నల్లదారం కుట్టుమిషను మీద పెట్టింది.

"నా దేవుడుండగా ఇదెందుకక్కా?" అంది టైలరమ్మ. సూది కింద గుడ్డ లేకపోయినా ఆమె కాళ్లు మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నాయి.

"కడితే పోయేదేముంది?"

టైలరమ్మ ఉండబట్టలేక దారం తీసి, పక్కనే పడుకున్న కూతురి మణికట్టుకు చుట్టింది. పిల్ల కళ్లు మూసుకుంది.

"కళ్లెందుకు మూశావే?"

"ముడి వేసే ముందు ప్రార్థన చేస్తావుగా అమ్మా. గుండీ కుట్టినా చేస్తావుగా."

మిషను ఆగిపోయింది.

"తండ్రీ..." అంది టైలరమ్మ. ఆపైన నోట మాట రాలేదు. ఈ ముడి వేస్తూ ఆయన్ని ఏమని అడగాలి?

మెల్లగా దారం విప్పి అక్క చేతిలో పెట్టింది. "పిల్ల మీద ప్రేమతోనే తెచ్చావు. కానీ నావల్ల కాదక్కా."

"రేపటికీ జ్వరం తగ్గకపోతే?"

"రేపూ ఆయన్నే అడుగుతాను."

పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"తండ్రీ," అంది మళ్లీ. ఈసారి మాట ఆగలేదు.