ఆదివారం లొల్లి

"ఏమండీ, ఇవి పాలా? బియ్యం కడిగిన నీళ్లా?"

ఆదివారం పొద్దున్నే గేటు ముందు ఎవరో అరుస్తున్నారు.

ధూల్‌పేటలో సుశీలమ్మ డెయిరీ పాలకు వంక పెట్టిన మనిషి అంతవరకూ లేదు. ఆమె మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేచింది.

మామూలుగా ఆదివారం ఆమె లేవగానే చేసే పని వేరు. ఎముకలు గుల్లబారాయని డాక్టరు వారానికొక గోలీ రాశాడు. పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలని, అరగంటదాకా ఏమీ తినొద్దని, పడుకోవద్దని చెప్పాడు. సుశీలమ్మ తలూపి వచ్చింది. ఇంటికొచ్చి గ్లాసెడు గేదెపాలతో వేసుకుని, మళ్లీ నడుం వాల్చేది.

ఎముకల మందుకు పాలకన్నా మంచి తోడేముంటుంది?

అట్లా రెండేళ్లు గడిచాయి. మొన్న పాలక్యాను ఎత్తబోతే మణికట్టు విరిగింది. స్కానింగు తీస్తే ఎముకలు ఇంకా పలచబడ్డాయి.

"నేను చెప్పినట్టే వేసుకుంటున్నారా?" అన్నాడు డాక్టరు.

"బరాబర్ ఏసుకుంటున్న సాబ్."

కోడలు నందిని నోరు తెరవబోయి, అత్త కళ్లు చూసి మూసుకుంది.

ఇంతలో ఇప్పుడీ లొల్లి.

గేటు దగ్గర స్టీలు గిన్నెతో ఓ కోస్తా ఆవిడ నిలబడి ఉంది. ఇంతకుముందు చూసిన మొహం కాదు.

"ఏంది మేడం, మా పాలల్ల నీళ్లా? మూడు తరాల సంది అమ్ముతున్నం!"

"మూడు తరాల నుంచీ నీళ్లే పోస్తున్నారేమో!"

సుశీలమ్మ కొంగు బిగించింది. భర్త మొగులయ్య గేదె చాటుకు పోయి నవ్వుకున్నాడు.

అరిచి అరిచి సుశీలమ్మ గొంతు ఎండిపోయింది. సరిగ్గా అప్పుడే నందిని వచ్చింది.

"అత్తమ్మా, గోలీ."

చేతికందిన గోలీని చెంబెడు నీళ్లతో మింగి, మూతి తుడుచుకుని సుశీలమ్మ మళ్లీ అందుకుంది. ఎండ గోడెక్కేదాకా ఇద్దరూ తగ్గలేదు. చివరికి ఆవిడ అర లీటరు పోయించుకునే వెళ్లింది.

పై ఆదివారం మళ్లీ హాజరు.

"పోయినవారం పాలకు మీగడే కట్టలేదు!"

ఆ పై వారం, పెరుగు తోడుకోలేదు.

"గంత బాగలేకుంటే నా పాలే ఎందుకు కొంటున్నవ్?"

"ఎప్పటికైనా బాగుపడతారని ఆశండీ!"

పోనుపోను సుశీలమ్మకు అదో హుషారైంది. శనివారమే జవాబులు తయారు చేసుకునేది. తెల్లారగానే గేటు దగ్గర కాచుకునేది. గోలీ, నీళ్లు అక్కడికే వచ్చేవి.

ఏడాదికి మళ్లీ స్కానింగు తీశారు.

"ఎముకలు గట్టిపడుతున్నాయమ్మా!" డాక్టరు నవ్వాడు. "ఇదివరకు పాలతోగానీ వేసుకున్నారా ఏంటి? పాలలోని కాల్షియం ఈ మందును పట్టేసుకుంటుంది. ఒంటికి అందనివ్వదు."

సుశీలమ్మ తల దించుకుంది. దించుకున్న తలలోనే గేటు దగ్గరి లొల్లి అంతా తిరిగింది.

ఆ ఆదివారం జున్ను వండి ఎదురుచూసింది. ఆవిడ రాలేదు. పై వారమూ రాలేదు.

"గా గయ్యాళి ఎటు పోయిందే?"

"ట్రాన్స్‌ఫరై రాజమండ్రికి పోయింది అత్తమ్మా."

"నీకెట్ల ఎర్క?"

నందిని నసిగింది. "ఉదయశ్రీ మేడం అని... నీ చెయ్యి ఇరిగిననాడు దవాఖానల నా పక్కన కూసున్నది. నువ్వు పాలతోని గోలీ ఏసుకునే సంగతి చెప్పిన. పాలొద్దన్నోళ్లు మా అత్తకు దుష్మన్ అన్న. 'అయితే ఆ దుష్మన్‌ని నేనే అవుతా' అన్నది."

"మరి ఏడాది సంది పాలు కొన్నది గదా!"

"పక్కింటి పిల్లలకు పోసేదంట. ఆమెకు పాలే పడవు."

సుశీలమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

"ముక్కూ మొహం తెల్వని నాకోసం గంత తిప్పలెందుకే?"

"వాళ్లమ్మకు గిదే గోలీని ఆమెనే తన చేత్తోని రెండేండ్లు కాఫీతో ఇచ్చిందంట అత్తమ్మా, తుంటి బొక్క ఇరిగి ఆ తల్లి మళ్ల లేవలేదంట."