చందమామంత చుక్క

"నీళ్లలో బుడగ వెలగడమేంటమ్మా, నలుగురూ నవ్విపోతారు!"

మామయ్య రిటైరైన డ్రిల్లు మేష్టారు. ఆయన గొంతు మూడు వీధులకు వినిపిస్తుంది. నా చేత ఈ ఉద్యోగం మాన్పించాలనే ఇవాళ మా ల్యాబుకు వచ్చారు.

"శబ్దంతో నలిపితే వెలుగుతుంది మామయ్యా. మన చెవికి అందని శబ్దంలెండి."

"శబ్దానికి వెలుగొస్తుందా!"

"మీ గొంతుకి రాదులెండి. వస్తే మన వీధికి దీపాలే అక్కర్లేదు."

తెరలు దించి గదంతా చీకటి చేశాను. కళ్లు అలవాటు పడేదాకా ఆగమన్నాను. ఆయన ఆగితేగా!

"ఆఁ, కనిపిస్తోంది! చందమామంత ఉంది! ఇక పోదామా?"

"ఇంకా స్విచ్చే వెయ్యలేదు మామయ్యా."

చీకట్లో ఆయన దగ్గు వినిపించింది.

స్విచ్చి వేశాను. గాజు బుడ్డి నడుమ, నీళ్లలో, సూదిమొనంత నీలి చుక్క వెలిగింది.

మామయ్య ఎంతసేపటికీ పలకకపోయేసరికి, పాపం, కనిపించలేదేమోనని నాకు దిగులేసింది.

"మామయ్యా, కనిపిస్తోందా?"

పెళ్లయి అత్తారింటికొచ్చాక మొదటిసారి ఆయన గుసగుస విన్నాను.

"ఉష్! మెల్లగా మాట్లాడమ్మా. ఆరిపోతుంది."