ఎండలో ఏడుగురు

"మిట్టమధ్యాహ్నం ఏంది షావలీ ఈ పని!" ఇనాయతుల్లా ఉండబట్టలేక అడిగేశాడు.

ఏడుగురు కూలీలు. పడవలోంచి ఇసుక బుట్టలు ఎత్తుకుని ఏటి గట్టు ఎక్కుతున్నారు. అందరి నడుములూ వంగిపోయి ఉన్నాయి. నీడలు కాళ్ల కిందే ఉన్నాయి. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ గొట్టాల పొగ.

ఇనాయతుల్లా దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమా క్వారీల్లో ఇరవై ఏళ్లుగా సేఫ్టీ చూస్తున్నాడు. ఎండాకాలం మూడు నెలలూ పన్నెండున్నరకి ఈల ఊది, అందరినీ నీడకి తోలడం ఆయన పని. అది ఇక్కడి చట్టం. భార్య దౌలత్‌బీ బతికున్నన్నాళ్లూ ఆయన సంచిలో రెండు నీళ్ల సీసాలు పెట్టేది. రెండోది ఎవరికని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ సెలవు. మేనల్లుడు షావలిని చూసిపోదామని వచ్చాడు. చూపు మాత్రం ఆ ఏడుగురి మీదే.

"ఒక్కడి నెత్తిన హెల్మెట్ లేదు. గంట నుంచి చూస్తున్నా, ఎవడూ గుక్కెడు నీళ్లు తాగలేదు."

"నా చేతుల్లో ఏముంది మామూ? ఆఫీసుకొచ్చినోళ్లకి ముందు వీళ్లే కనపడాలంట. కష్టపడే కంపెనీ అనేదానికి వీళ్లే గుర్తంట. ముదీర్, అదే మా మేనేజరు, గట్టిగా చెప్పినాడు. తేడా వస్తే నా పని ఖలాస్. వీసా కూడా వచ్చే నెలతో సరి."

"ఆ నాలుగో ఆయన పెద్దాయన్రా. ఆయన్నొక్కణ్ణి కూర్చోబెట్టు. అల్లా మేలు చేస్తాడు."

"కొలువు పోతే నీ రూములోనే పడుంటా. రోజూ బిర్యానీ వండిపెట్టాల, చూసుకో!"

మూడింటికి మేనేజరు ప్రమోద్ వచ్చేసరికి, నాలుగో మనిషి బుట్ట పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

ప్రమోద్ వేలితో లెక్కపెట్టాడు. వేలు నాలుగు దగ్గర ఆగింది.

"వీడేంటయ్యా, కూర్చున్నాడు? నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

ఇనాయతుల్లా ముందుకొచ్చాడు.

"సార్, మీ ఆఫీసుకి లేబర్ ఇన్‌స్పెక్టర్లు కూడా వస్తారు గదా. లోపలికి రాంగానే నడినెత్తిన ఎండ, ఏడుగురూ మోస్తా ఉంటే ఏమనుకుంటారు?"

ప్రమోద్ కళ్లజోడు సవరించుకున్నాడు. కూర్చున్న మనిషిని చాలాసేపు చూశాడు. పెదవి చివర నవ్వు కదిలింది.

"మరి ఎండలో కూర్చోబెడితే అది విశ్రాంతి ఎలా అవుతుందయ్యా? పెద్దాయనకి కాస్త నీడైనా చూడు."

"ఇప్పుడే సార్" అంటూ షావలి కుంచెను ఆకుపచ్చ రంగులో ముంచి, నూటయాభై ఏళ్ల నాటి ఫ్రెంచి నది బొమ్మకు ఆఫీసు గోడపై తాను గీస్తున్న నకలులో, కూర్చున్న పెద్దాయన తలపై కొమ్మ చాచేలా ఒక చెట్టు వేశాడు.