తొమ్మిదో చిలక

“మా డిజైన్ మీరు కాపీ కొట్టారు సార్. వారంలోగా ఈ అంచు నేయడం ఆపకపోతే కేస్ ఫైల్ చేస్తాం,” అంది లాయరు కిరణ్మయి, బల్ల మీద రెండు చీరలు పక్కపక్కన పరిచి.

చెన్నరాయప్ప చప్పున తన చీరను దగ్గరికి లాక్కున్నాడు. బెంగళూరు పక్కన ఆనేకల్‌లో నలభై ఏళ్ళుగా నేస్తున్నది ఈ చిలకల అంచే. ఇల్లు గడిచేదీ దీని మీదే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో, ఈ చీరల కంపెనీ వాళ్ళ అద్దాల గదిలో కూర్చోబెట్టి, అది దొంగసొత్తు అంటున్నారు!

“ఎవురమ్మా కాపీ కొట్టింది? ఈ అంచు మా నాయన కట్టింది. మీ చీరెలో ఉండే చిలక మా ఇంటిది!”

“మీ నాన్నగారి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందా?”

“మా నాయనకే రేషన్ కార్డు లేదు. చిలక్కి రిజిస్ట్రేషన్ యాడ తెచ్చేదమ్మా?”

కంపెనీ సాఫ్ట్‌వేర్ మేనేజరు స్టాన్లీ జాలిగా నవ్వాడు. “అంకుల్, మా డిజైన్ మనిషి గీసింది కాదు. ఏఐ జనరేట్ చేసింది. అది కాపీ కొట్టదు. నెట్‌లో లక్షల ఫోటోలు చూసి నేర్చుకుంటుంది, అంతే.”

“అందులో నా చీరె ఫోటో గూడా ఉండాదా?”

“ఉండొచ్చు. ఏది చూసి ఏది గీసిందో మాకూ తెలీదు.”

“నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఆర్నెల్లు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చుంటారప్పా. ఇది ఎప్పుడొచ్చి కూర్చునింది?”

“వచ్చింటే ఒక లోటా కాఫీ అన్నా పోసిందును కదా,” అంది పక్కనే కూర్చున్న ఆయన భార్య పాపక్క.

స్టాన్లీ గడియారం చూసుకున్నాడు. కిరణ్మయి ఓ కాగితం ముందుకు జరిపింది. ఈ చిలకల అంచు ఇక జన్మలో నేయనని అందులో రాసి ఉంది. కింద సంతకానికి చోటు.

చెన్నరాయప్ప పెన్ను పట్టుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు. ఏడుపొకటే తక్కువ. ఆఖరుసారిగా కంపెనీ చీర అంచు మీద వేలు పెట్టి, నేతగాడి అలవాటు కొద్దీ చిలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర వేలు ఆగింది. పకపకా నవ్వాడు.

“పాపా, ఇట్ల చూడే! గుడ్డిది!”

పాపక్క వంగి చూసి ముక్కున వేలేసుకుంది.

“నిండుగా నేస్తే దిష్టి తగులుతాదని, మా నాయన తొమ్మిదో చిలక్కి కన్ను పెట్టేవాడు కాదమ్మా. నేనూ పెట్టను. మా దగ్గర కొనేవాళ్ళు ఆ గుడ్డిదాన్ని వెతుక్కోనే కొంటారు. ఇదో, మీ చీరెలో గూడా తొమ్మిదోది గుడ్డిదే! ఏమప్పా, మీ కంప్యూటర్‌కి గూడా దిష్టి తగులుతాదా?”

స్టాన్లీ కుర్చీలోంచి లేచాడు.

“అంటే... ఆ కన్ను మీరు కావాలనే వదిలేశారా?”

“కావాలనే.”

“అది మా ఏఐ చేసిన తప్పు కాదా?”

“దాని మొగం! ఆ తప్పు చేసేదానికి గూడా మగ్గం మీద పుట్టిండాలప్పా!”

కిరణ్మయి, స్టాన్లీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె మొదటి కాగితం చించేసింది. గబగబా కంప్యూటర్‌లో ఇంకోటి కొట్టి, ప్రింట్ తీసి, చక్కటి గొంతుతో చదివి వినిపించింది.

“గుడ్డి చిలకతో సహా ఈ అంచు పూర్తిగా నా సృష్టి. ఇందులో కంపెనీ వారి ఏఐ సొంతంగా కల్పించినది ఏమీ లేదు. దీని మంచికీ చెడుకీ నాదే బాధ్యత. ఓకేనా సార్?”

“నాది కాకుంటే ఇంకెవరిదమ్మా!”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేశాడు. అంత పెద్ద కంపెనీ తన ముందు తల వంచిందన్న సంతోషంతో ఛాతీ ఉప్పొంగింది. పాపక్క తమ చీరను భద్రంగా మడిచి సంచిలో పెట్టుకుంది. స్టాన్లీ ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

“కంగ్రాట్స్ అంకుల్, మీరే గెలిచారు!” అని, ఆ కాగితం చేత్తో పట్టుకునే గోడౌన్ చూసే వీరభద్రానికి ఫోన్ కలిపాడు.

“వీరభద్రం, చిలక్కి కన్ను లేదని కస్టమర్లు తిప్పి పంపిన మూడు వేల చీరలూ లారీకెక్కించి ఆనేకల్ పంపించెయ్. ఇక వాటికి జవాబుదారీ ఈ పెద్దాయనే!”