నెలంతా పచ్చే

"నెలంతా పచ్చ రంగేనా! అక్కా, నా యాప్ పదిమందికి ఇచ్చి చూస్తే ఇంత ప్రశాంతంగా ఉన్నది నువ్వొక్కదానివే," అంది చెల్లి, నా ఫోన్ చూస్తూ.

మనసులోది రోజూ రాసుకుని పక్కన ఒక రంగు నొక్కే యాప్ అది. పచ్చ అంటే హాయి, ఎరుపు అంటే భయం. తయారుచేసింది చెల్లే.

"నేను ఒక్కరోజూ పచ్చ నొక్కలేదే," అన్నాను.

"మరి ఇదేంటి? 'పాప నవ్వింది. హాయిగా ఉంది.'"

"అది నేను రాయలేదు. ఏడో తరగతిలో చదువు ఆగిపోయినంత మాత్రాన ఎరుపేదో పచ్చేదో తెలీదా నాకు?"

చెల్లి నవ్వు ఆగిపోయింది. ఏదో నొక్కి చూసింది. "నువ్వు రాసింది పొద్దున పదకొండుకి. మార్చింది సాయంత్రం ఆరున్నరకి. రోజూ ఆరున్నరకే. ఒక్కసారైనా తిరిగి చూసుకోలేదా?"

"రాసి మరిచిపో అన్నావుగా! దీనికో తాళమైనా పెట్టలేదేమే?"

"తెరవగానే హాయిగా ఉండాలని..." గొంతు తగ్గించింది. "అసలేం రాశావక్కా?"

"పాప ఏడుస్తుంటే ఈయన తలగడ పట్టుకుని ఉయ్యాల దగ్గర నిలబడుతున్నారని."

ఆరున్నరకి ఆయన పని నుంచి వస్తారు. నేను పాపకు స్నానం చేయిస్తుంటాను. ఫోన్ బల్లమీద ఉంటుంది.

ఇవాళ సెలవు. అంతలో పాపను భుజాన వేసుకుని లోపలి గదిలోంచి ఆయనే వచ్చారు. "అక్కాచెల్లెళ్ళ గుసగుసలేంటో?"

"పాపను ఇలా ఇవ్వండి బావగారూ," చెల్లి చేతులు చాచింది.

"ఉండనీ మరదలా, నా దగ్గర ఏడవదు. మీ అక్కను ఇవాళ్టిది రాసుకోనీ."

పాప నిజంగానే ఏడవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది.

ఆయన చూస్తుండగా పచ్చ నొక్కాను.