వెయ్యో గీత

సూగప్ప ఆ సాయంత్రం తలకు హెల్మెట్ పెట్టుకుని మరీ థర్మల్ ప్లాంటు బూడిద చెరువు కాపలాకు బయల్దేరాడు. వెంట వచ్చిన మేనల్లుడు మంజునాథ్‌కు నవ్వాగలేదు.

ఆకాశంలో ఉపగ్రహాలు ఒకదానికొకటి తగిలే అవకాశం ఎంతో లెక్కగట్టడం మంజునాథ్ ఉద్యోగం. మూడేళ్ల కింద ఇక్కడే రెండు కదిలే చుక్కల్ని చూపించి, "అవి వెయ్యిసార్లు ఎదురుపడితే ఒక్కసారి తగలొచ్చు మామా," అన్నాడు. అంతే. బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టిన పాత అలవాటుతో సూగప్ప, అవి ఎదురుపడినప్పుడల్లా పంపుగది గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తూ వచ్చాడు.

"నిన్నటికి తొమ్మిదివందల తొంభైతొమ్మిది. ఇయ్యాల తప్పదు అల్లుడా."

"గట్ల కాదు మామా. ఇన్నిసార్లు తప్పించుకున్నయని లెక్కకు యాదుండదు. ఎప్పుడు చూసినా వెయ్యిల ఒకటే."

చీకటి పడింది. ఉన్నట్టుండి పంపు ఆగింది. కప్పలు కూడా నోరు మూశాయి. సూగప్ప గోడ మీద టార్చి వేశాడు.

చివరి గీత పక్కన ఇంకో గీత ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది.

"నువ్వు గీసినవా?"

"నేను నీ యెంటనే వస్తిని గద మామా!"

"లెక్కకు యాదుండదంటివి," సూగప్ప గొంతు తగ్గించాడు. "మరి ఎవరికి యాదున్నట్టు?"

పైన రెండు చుక్కలూ ఎదురెదురుగా వస్తున్నాయి. మంజునాథ్ మామ తల మీది హెల్మెట్ మెల్లగా తీసి, తను పెట్టుకున్నాడు.