అందరి తర్వాత

'ఆఫ్టర్' అనే మాటతో తలా ఒక వాక్యం చెప్పమంది వేదశ్రీ మేడం.

గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీ. అక్కడి పాత కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. వేదశ్రీది మంథని. ఇంట్లో మూడు తరాలుగా అందరూ పంతుళ్లే. ఎదుటివాళ్ల తప్పు దిద్దకపోతే ఆమెకు అన్నం అరగదు.

అమ్మాయిలు ఒక్కొక్కరే లేచారు. స్నానం తర్వాత అన్నం అంది ఒకామె. డిగ్రీ తర్వాత ఉద్యోగం అంది ఇంకొకామె. ఉద్యోగం తర్వాతే పెళ్లి అని మమత చెబితే అందరూ నవ్వారు.

చివరి బెంచీలోంచి కొమురెల్లి లేచాడు. డెబ్బై దాటిన మనిషి. క్లాసులో మగవాడు ఆయనొక్కడే. కమాన్‌పూర్ నుంచి ఈ మధ్యే కూతురింటికి వచ్చాడు. పగలంతా ఒక్కడికి ఏమీ తోచడం లేదని, నలుగురి మధ్య కూర్చుంటానని చేరాడు.

"ఐ కమ్ అవుట్ ఆఫ్టర్ ఎవ్రీబడీ" అన్నాడు.

నిన్నా అదే వాక్యం. ఎక్కడినుంచి బయటికి వస్తారని అడిగితే చెప్పడు. వేరే వాక్యం చెప్పమంటే నవ్వి కూర్చుంటాడు.

వాక్యంతో పోతే బాగుండేది. అమ్మాయిలు లోపలికి వస్తుంటే ఆయన గుమ్మం పక్కన నిలబడి ఒక్కొక్కరినీ చూస్తాడు. పెదవులు కదుపుతాడు. క్లాసు అయిపోయాక ఎంతకీ కదలడు. అందరూ వెళ్లాక వెనక బాత్రూముల వైపు తొంగి చూసి మరీ బయటికొస్తాడు.

ఇద్దరు తల్లులు వచ్చి, ఆ ముసలాయన ఉంటే తమ పిల్లలను పంపేది లేదని తెగేసి చెప్పారు.

అనుమానం పెనుభూతం అంటారు. అది అప్పటికే వేదశ్రీ తలకెక్కి కూర్చుంది. పైగా పిల్లలు మానేస్తే క్లాసు మూతపడుతుంది. ఆ క్లాసే ఆమె బతుకుదెరువు.

ఆ సాయంత్రమే, అందరి ముందే అనేసింది.

"రేపటినుంచి మీరు రావద్దు. ఇది ఆడపిల్లలు వచ్చే చోటు."

కొమురెల్లి పుస్తకం సర్దుకుని లేచాడు. అలవాటు ప్రకారం గోడ వైపు జరిగి, పిల్లలంతా వెళ్లేదాకా నిలబడబోయాడు. వేదశ్రీకి ఒళ్లు మండింది.

"ముందు మీరు బయటికి నడవండి."

ఆయన ముఖం పాలిపోయింది. గుమ్మం దాటాక కూడా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

వారం గడవకముందే ఒక సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. వేదశ్రీ క్లాసు తొందరగా ముగించి, హాలుకు తాళం వేసి, బస్టాండు దారి పట్టింది. సగం దూరం పోయిందో లేదో వాచ్‌మన్ సదానందం ఫోను చేశాడు.

"మేడం, జల్ది రాండ్రి. ఆ ముసలాయన తాళం పలగ్గొట్టిండు. లోపల ఒక పిల్ల ఉన్నది."

పరుగున వెళ్లింది. వరండాలో మమత పడుకుని ఉంది. ఆమె తల కొమురెల్లి ఒడిలో ఉంది. ఆయన తువ్వాలతో విసురుతున్నాడు.

ఏం జరిగిందని వేదశ్రీ అడగలేదు. ఆయన చొక్కా పట్టి లాగింది.

"ఈ వయసులో సిగ్గు లేదా మీకు?"

చుట్టూ చేరినవాళ్లంతా విన్నారు. కొమురెల్లి తువ్వాల మడిచి పిల్ల తల కింద పెట్టి మెల్లగా లేచాడు.

మమత కళ్లు తెరిచింది. "తాతను ఏమనకుండ్రి మేడం" అంది. జ్వరంతో క్లాసుకు వచ్చిందట. బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయిందట. చూసుకోకుండా తాళం వేసింది వేదశ్రీయే.

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆమెకు. ఆ పిల్ల లోపల ఉందని మీకెలా తెలిసిందని తలవంచుకునే అడిగింది.

"ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్న. లోపలికి పోయినోళ్లల్ల ఒక్కరు తక్కువ పడ్డరు" అన్నాడాయన.

రావద్దన్న మరునాటినుంచీ ఆయన రోజూ అక్కడే కూర్చుంటున్నాడని సదానందం చెప్పాడు.

ఇంతలో మమత తండ్రి పోశం డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. కూతురిని దగ్గరికి తీసుకుని, కొమురెల్లిని చూడగానే రెండు చేతులూ జోడించాడు. "సర్దార్ సాబ్, మీరా" అన్నాడు.

తప్పైందని, రేపటినుంచి క్లాసుకు రమ్మని వేదశ్రీ బతిమాలింది.

"వద్దు బిడ్డా. మల్ల ముందు నడువుమంటే నాతోని కాదు."

అందరూ మెట్లు దిగారు. ఆయన ఒక్కడే ఆగి, చీకటి హాల్లోకి ఒకసారి చూసి, అందరి వెనకా బయల్దేరాడు.

వెనక వస్తున్న ఆయనకు వినబడకుండా పోశం వేదశ్రీకి చెప్పుకొచ్చాడు. గనిలోకి మనుషులను దింపి, పని చేయించి, మళ్లీ పైకి తెచ్చేవాడే సర్దార్. చివరి మనిషి పైకొచ్చేదాకా కొమురెల్లి సర్దార్ పైకి వచ్చేవాడు కాదట.

"గనిల కప్పు కూలిన నాడొక్కసారే, కాలు ఇరిగిందని బలవంతంగ ఆయనను ముందు బయటికి తెచ్చిండ్రు మేడం" అన్నాడు పోశం. "ఆనాడు లోపల ఉండిపోయింది ఆయన కొడుకే."